గొట్టం మార్చిన ఏడాది

సింగపూర్‌లో నలభై దాటిన తెలుగు మగవాడికి మారథానో, కెమెరానో, గోడలదిరే స్పీకర్లో ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదని మా ఆవిడ సిద్ధాంతం. నాకు ఆవిడ జాబితాలో లేనిది పట్టింది. పిస్తోలు.

దాన్ని అంటించినవాడు యూ టీ అనే పేటలో మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల పైన ఉండే అన్న. సొంత అన్న కాదు. లిఫ్టులో "ఏ ఊరు తమ్మీ?" అని అడిగిన రోజునుంచి అన్న. కరీంనగర్ వైపు మనిషి. జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ప్లాంటులో పంపులూ కంప్రెసర్లూ ఎంత వణుకుతున్నాయో కొలిచి, ఏది ఎప్పుడు చెడిపోతుందో ముందే చెప్పే ఇంజనీరు. నాది చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకుకు వెనకాఫీసు పని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము పనిచేస్తుందో లేదో పరీక్షించి, చేయదని రాసి పంపడం నా ఉద్యోగం. ఇద్దరం అనుమానం మీద బతికేవాళ్ళమే. అలాంటి మేమిద్దరం జానెడు కూడా లేని ఒక ఇనప గొట్టాన్ని ఏడాదిపాటు దేవుణ్ణి నమ్మినట్లు నమ్మాం.

ఇక్కడ పిస్తోలు సొంతమైనా ఇంటికి తెచ్చుకునే వీల్లేదు. క్లబ్బు ఆయుధాగారంలో ఇనప తలుపుల వెనక ఉంటుంది. ఆదివారం వెళ్ళి, సంతకం పెట్టి తీసుకుని, కాసేపు కాల్చి, తుడిచి, మళ్ళీ సంతకం పెట్టి అప్పగించి రావాలి. హాస్టల్లో వేసిన పిల్లాణ్ణి చూసి వచ్చినట్లు ఉంటుంది. నేను క్లబ్బువాళ్ళ పిస్తోలుతో సరిపెట్టుకునేవాణ్ణి. అన్నకు సొంతది ఉంది. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు కూడా హాస్టల్ పిల్లాడి తండ్రి గొంతులాగే ఉండేది.

పాతిక మీటర్ల దూరంలో కాగితం కట్టి పది తూటాలు కాలిస్తే, ఆ చిల్లులన్నీ ఎంత దగ్గరగా పడ్డాయన్నదే మా మధ్య పెద్దరికం. ఒకప్పుడు అన్న చిల్లులన్నీ ఒక బూరె కింద దాగిపోయేవి. ఆ ఏడు అవి చపాతీ కింద కూడా దాగడం మానేశాయి.

అన్న కారణాలు వెతికాడు. మొదట తూటాల కంపెనీ మార్చాడు. తర్వాత కళ్ళజోడు. ఆ తర్వాత బూట్లు, ఎందుకంటే పాదం కదిలితే గురి కదులుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. ఒక నెల తప్పంతా ఉక్కపోత మీద పెట్టాడు.

"తేమ ఎక్కువుంటే గాలి చిక్కగైతది తమ్మీ. తూటా ఎట్ల పోతది?" అన్నాడు.

సింగపూర్‌లో తేమ ఎప్పుడు తక్కువ ఉందో నాకు తెలియదు. అయినా తలూపాను. తలూపడం ఆ ఏడాది నేను నిలకడగా చేసిన పని.

చివరికి ఒక ఆదివారం ఆయన బస్సులో నా పక్కన కూర్చుని, రహస్యం చెప్పేవాడిలా దగ్గరికి జరిగాడు. "దొరికింది. గొట్టం."

కంపెనీ బిగించి పంపే బ్యారెల్‌లో వెంట్రుకవాసి సందు ఉంటుందట. ప్రతి గుండుకీ గొట్టం తన చోట్లో కొంచెం అటూ ఇటూ కూర్చుంటుందట. దాన్ని తీసేసి, విడిగా అమ్మే పోటీ గొట్టం బిగిస్తే ప్రతిసారీ ఒకే చోట గట్టిగా కూర్చుంటుందట. తూటా పోయిన దారినే తూటా పోతుందట. అన్న ఫోనులో వీడియోలు పెట్టాడు. గడ్డం ఉన్న ఒక అమెరికావాడు పాత గొట్టంతో కాల్చి పెదవి విరిచాడు, కొత్తదానితో కాల్చి కనుబొమలెగరేశాడు. ఆ కనుబొమలు చూసి నేను పడిపోయాను. పొద్దస్తమానం "రుజువేది?" అని అడిగే జీతగాణ్ణి, ఆదివారం ఒకడి కనుబొమలు చాలనుకున్నాను.

నేను పడటమే కాదు, పని కూడా చేశాను. ఐదు రకాల గొట్టాల గుణాలు పోల్చి ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. రంగులు వేశాను. అన్న దాన్ని ప్రింటు తీసుకుని ప్లాంటు ఆమోదపత్రంలాగా మడతపెట్టి దాచుకున్నాడు.

ఇక్కడ గొట్టం కూడా ఆయుధంలో భాగమే కాబట్టి తెప్పించుకోవడానికి అనుమతి కావాలి. దరఖాస్తులో "కారణం" అన్న గడి ఉంది. అన్న మా ఇంట్లో కూర్చుని ఆ గడిని మూడుసార్లు కొట్టేసి రాశాడు. మొదటిసారి ఒక పేజీ వచ్చింది. చివరికి "మరింత కచ్చితంగా కాల్చుటకు" అని తేలింది.

మా ఆవిడ కాఫీ పెడుతూ చదివింది. "కచ్చితంగా కాల్చడం కావాల్సింది ఎవరికండీ? అన్నయ్యగారికా, గొట్టానికా?"

"నీకు టెక్నికల్‌గా తెలియదులే."

"తెలియదు కాబట్టే అడుగుతున్నా. మా అమ్మమ్మ ఒక మాట అనేది, ఆడలేక..."

"మద్దెల సంగతి మాకూ తెలుసు," అన్నాను.

సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండానే, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా, "డాడీ, ఇట్స్ జస్ట్ ఎ పైప్ లా," అంది.

అనుమతి నెలలు పట్టింది. ఈలోగా వాట్సాప్‌లో "గన్" అని రాయడానికి భయపడి "గొట్టం" అనే రాసుకునేవాళ్ళం. "గొట్టం ఎక్కడిదాకా వచ్చింది?" "గొట్టం కస్టమ్స్‌లో ఉంది." ఒకరోజు వదిన ఆ మెసేజీ చూసి, బాత్రూములో పైపు మారుస్తున్నారనుకుని బ్లాకులో ఇద్దరికి చెప్పింది. వాళ్ళలో ఒకాయన తన ఇంటి పైపు కూడా కారుతోందని, అదే మనిషిని పంపమని అన్నను లిఫ్టులో ఆపి అడిగాడు.

గొట్టం వచ్చింది. నేరుగా ఆయుధాగారానికే. ఆ ఆయుధాగారాన్ని చూసుకునే చైనీస్ పెద్దాయన డెబ్బైకి దగ్గరపడిన మనిషి. చాలా తక్కువ మాట్లాడతాడు. మేమందరం అంకుల్ అంటాం. ఆయనే పాతది తీసి కొత్తది బిగించి, అటూ ఇటూ లాగి చూసి, "టైట్," అని ఒక్క మాట అన్నాడు. అన్న ఆ మాటను ఆ వారమంతా నాకు వినిపించాడు.

మొదటి ఆదివారం అన్న అద్భుతంగా కాల్చాడు. అందులో అబద్ధం లేదు. చిల్లులు మళ్ళీ బూరె అంత చోటుకు వచ్చాయి. ఆ కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, మమ్మల్ని తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి తీసుకుపోయి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ వేసి చోటు పట్టి, ఆ కాగితాన్ని ప్లేట్ల మధ్య పరిచాడు. చేపల కూర పులుసు దాని అంచు మీద పడితే మనిషి మీద పడినట్లు విలవిల్లాడాడు.

రెండో ఆదివారం ఒక మాదిరి. మూడో ఆదివారానికి చపాతీ తిరిగొచ్చింది.

"కొత్త గొట్టం అరగాలె," అన్నాడు అన్న. "కొత్త చెప్పు కరవదా?"

నేను దానికి కూడా తలూపాను. అది అరగడానికి ఎన్ని తూటాలు కావాలో ఇంటర్నెట్‌లో వెతికి, అందరూ చెప్పినవాటిలో ఎక్కువ చెప్పినవాణ్ణి నమ్మాం. అన్ని తూటాలూ అయిపోయాయి. చపాతీ అలాగే ఉంది.

అసలు మాట ఒకటి చెప్పాలి. అన్న పక్క వరసలో నిలబడి కాల్చేవాణ్ణి నేను. ఆయన పిస్తోలు ఎత్తి గురి పెట్టినప్పుడు దాని కొన చిన్నగా, ఆగకుండా ఆడటం నేను చూశాను. ఆ ఏడాది మొదట్లోనే చూశాను. అలసట అనుకున్నాను, తర్వాత కాఫీ అనుకున్నాను. ఆ తర్వాత ఏమీ అనుకోకుండా ఉండటం నేర్చుకున్నాను. ఎక్సెల్ షీటులో ఐదు గొట్టాలకు ఐదు వరసలు పెట్టిన నేను, ఆరో వరసలో "చెయ్యి" అని రాయలేదు.

ఒక సాయంత్రం మా ఆవిడే దారి చూపింది. ఆవిడ ఇక్కడి పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతుంది. "ఆఫీసులో మీరేం చేస్తారండీ? పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో తెలియకుండా పరీక్షిస్తారు కదా. ఈ గొట్టానికి ఆ మర్యాద ఎందుకు చేయలేదు?"

మర్నాడు అన్నతో చెప్పాను. ఆయన నవ్వాడు. "నాకు కండ్లు మూసినా తెలుస్తది తమ్మీ, లోపల ఏ గొట్టముందో. పెట్టు పరీక్ష."

అంకుల్‌ని అడిగితే మా ఇద్దరినీ కాసేపు చూసి, సరేనన్నాడు. రెండు గొట్టాలూ నల్లవే. వాటి మీద చెక్కిన అక్షరాల్ని మార్కర్‌తో పూసేశాడు. ప్రతి విడతకీ లోపలి గదిలో తలుపు వేసుకుని ఏదో ఒకటి బిగించి తెస్తాడు. ఏది బిగించాడో తన కాగితం మీద రాసుకుంటాడు. ముందు నాలుగు విడతలు ఇసుక సంచి మీద పిస్తోలు ఆనించి కాల్చాలి. తర్వాత ఎనిమిది విడతలు చేత్తో. ప్రతి విడతకీ కాల్చేముందు అన్న "పాతది" అనో "కొత్తది" అనో చెప్పాలి. నేను రాసుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. అన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రతి విడతకీ పిస్తోలు అందుకోగానే పైభాగం వెనక్కి లాగి, కళ్ళు మూసుకుని, పుచ్చకాయ మీద కొట్టి పండిందో లేదో వినేవాడిలా తల పక్కకు వంచి, "కొత్తది" అనో "పాతది" అనో తేల్చేవాడు. తర్వాత కాల్చేవాడు. ఒకసారి "కొత్తది" అని నాకేసి తిరిగి, "నువ్వేమంటవ్?" అన్నాడు. నేనూ చప్పుడు విని, "కొత్తదే, స్ఫుటంగా ఉంది," అన్నాను. స్ఫుటం అనే మాట నేను అంతకుముందు ఎప్పుడు వాడానో గుర్తులేదు.

మధ్యాహ్నానికి పన్నెండు కాగితాలూ బల్ల మీద పరిచాం. అంకుల్ తన జాబితా తెచ్చి పక్కన పెట్టాడు.

ఇసుక సంచి మీద కాల్చిన కాగితాలు ముందు చూశాం. పాత గొట్టం చిల్లులు బూరె అంతలో ఉన్నాయి. కొత్త గొట్టం చిల్లులు నిమ్మకాయంతలో ఉన్నాయి. తేడా ఉంది. నిజంగా ఉంది. అన్న బల్ల మీద చరిచాడు. "చూసినవా? ఏ గొట్టంగాడు లేదన్నడు?"

తర్వాత చేత్తో కాల్చినవి. ఎనిమిది కాగితాలు, ఎనిమిది చపాతీలు. కొత్త గొట్టంవి నాలుగు, పాత గొట్టంవి నాలుగు. కలిపేసి మళ్ళీ వేరుచేయమంటే ఎవరూ చేయలేరు. ఈ ఎనిమిదింటికి అన్న చెప్పిన ఊహల్లో మూడు ఒప్పు, ఐదు తప్పు. నాకు స్ఫుటంగా వినిపించింది పాత గొట్టం.

అన్న కాగితాల మీద వంగి చాలాసేపు చూశాడు. "చేత్తో కాల్చినప్పుడు అలిసిపోయిన," అన్నాడు. "సంచి మీది తర్వాత కాదు, ముందు కాల్చినం గద. ఇంకోసారి పెడదాం."

అప్పుడు అంకుల్ ఇంగ్లీషులో, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు: "బ్యారెల్ మంచిదే లా. పాతదీ మంచిదే. సంచి మీద పెడితే రెండూ బాగానే కాలుస్తున్నాయి. ఏడాదిగా నీ చెయ్యి చూస్తున్నాను. డాక్టర్ని కలువు."

అన్న ఆయన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ దించడంతోనే నాకూ తెలుసని ఆయనకు తెలిసిపోయింది.

బస్సులో విడివిడిగా కూర్చున్నాం. దిగేటప్పుడు మాత్రం అన్నాడు: "నువ్వు కూడ చూసినవ్."

"చూశానన్నా."

"మరి ఆ ఎక్సెల్ షీటు ఎందుకు చేసినవ్ రా?"

ఆయన నన్ను "రా" అనడం అదే మొదటిసారి. కోపంతో అన్నాడో దగ్గరితనంతో అన్నాడో కూడా తెలియలేదు.

రెండు వారాలు ఆయన క్లబ్బుకు రాలేదు. లిఫ్టులో ఎదురైతే అంతస్తుల నంబర్లు చూసేవాడు. మూడో వారం వదిన మా ఇంటికి దిగొచ్చింది. మా ఆవిడ టీ ఇస్తే, ఆ కప్పు పట్టుకుని కొంతసేపు తాగకుండా కూర్చుంది.

"నీ మీద కోపం లేదు తమ్మీ ఆయనకు. భయమైతుంది. వాళ్ళ నాయినకు చెయ్యి ఇట్లనే మొదలై ఆఖరికి అన్నం కలుపుకోను రాలె. గది యాదికొచ్చి డాక్టర్ దగ్గరికి పోడు." తర్వాత గొంతు తగ్గించి, "నేనేం తక్కువ? ఏడాది సంది చాయ్ సగం కప్పే పోస్తున్న. నిండ పోస్తే ఒంపుకుంటడు. చాయ్ ఎక్కువ తాగొద్దని టీవీల చెప్పిన్రని అబద్ధం చెప్పిన," అంది.

అప్పుడు నాకు లెక్క తేలింది. వదిన కప్పు తగ్గించింది, నేను షీటు తయారుచేశాను, అన్న గొట్టం తెప్పించాడు. ముగ్గురం ఒకే వణుకును మూడు రకాలుగా దాచాం. దాచకుండా చెప్పింది నెలకు పది మాటలు మాట్లాడే అంకుల్ ఒక్కడే.

ఆ సాయంత్రమే పైకి వెళ్ళాను. అన్న తలుపు తీసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. "నేను కూడా వస్తాను అన్నా, డాక్టర్ దగ్గరికి," అన్నాను.

ఆయన తన కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకున్నాడు. "ఇది పంపై ఉంటే ఆర్నెల్ల కిందనే బంద్ పెట్టమని రిపోర్టు రాస్తుంటి," అన్నాడు.

పాలీక్లినిక్‌లో ఒకసారి, ఆసుపత్రిలో రెండుసార్లు కూర్చున్నాం. అన్నతో గీతలు గీయించారు, నీళ్ళు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయించారు, వరండాలో నడిపించారు. డాక్టరమ్మ చిన్న వయసుదే. ఇది ఆయన భయపడ్డ పెద్ద జబ్బు కాదనీ, కొన్ని కుటుంబాల్లో వయసుతో పాటు వచ్చే వణుకనీ, ఏదైనా పట్టుకుని గురిగా చేసే పనుల్లో ఎక్కువ కనిపిస్తుందనీ చెప్పింది. వాళ్ళ నాన్నకూ బహుశా ఇదే ఉండి ఉంటుందంది. రోజూ వేసుకోమని చిన్న మాత్ర రాసింది.

బయటికి వచ్చి అన్న కుర్చీలో కూర్చున్నాడు. నేను నీళ్ళ సీసా ఇస్తే తీసుకోలేదు. "మా నాయిన రోజూ తువ్వాల కింద చెయ్యి దాచిపెట్టుకునేటోడు," అన్నాడు. "ఒక్క గోలితోని పొయ్యేదానికి దాచిపెట్టుకున్నడు." కళ్ళు తుడుచుకోలేదు.

మాత్ర మొదలుపెట్టిన మూడు వారాలకు క్లబ్బుకు వచ్చాడు. ఆ రోజు పిస్తోలులో ఉన్నది పాత గొట్టం. మార్చమని అడగడం మరిచిపోయాడు. పది తూటాలు కాల్చాడు. కాగితం దగ్గరికి లాక్కుని చూస్తే పది చిల్లులూ బూరె కింద దాగేలా ఉన్నాయి. అంకుల్ వచ్చి చూసి, "గుడ్," అన్నాడు. ఆయన నోట ఆ మాట మేము ఎప్పుడూ వినలేదు.

కథ ఇక్కడ ఆగితే ఎంతో బాగుండేది. అప్పుడు క్లబ్బు వార్షిక పోటీ దగ్గరపడింది. అన్న ఉత్సాహంగా పేరిచ్చాడు. పేరిచ్చేటప్పుడు వాడే మందులు రాయాలి. రాశాడు. రెండు రోజులకు నిబంధనల పుస్తకంలోని ఒక పేజీ జతచేసి తిప్పి పంపారు. గుండె వేగం తగ్గించి చేతిని నిలకడగా ఉంచే ఆ జాతి మాత్రలు షూటింగ్ పోటీల్లో నిషిద్ధం.

అన్న ఆ పేజీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "చూడు తమ్మీ. సముద్రాలు దాటించి ఇనుము తెచ్చి బిగించుకుంటే తప్పు లేదట. దాంతో చేత్తో కాలిస్తే ఫాయిదా లేదు, అయినా తప్పు లేదు. కందిగింజంత గోలి నిజంగ పనిచేస్తదట, అందుకని అది తప్పంట."

మా ఆవిడ వంటింట్లోంచి, "పనిచేస్తుందని పరీక్షించి చెప్పింది వాళ్ళే కదా అన్నయ్యగారూ. మీ గొట్టానికి ఆ గౌరవం దక్కలేదు," అంది. అన్న ఈసారి నవ్వాడు.

ప్రత్యేక అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చేమో కనుక్కుందామన్నాను. మరో "కారణం" గడి నింపే ఓపిక తనకు లేదన్నాడు. పోటీ రోజులకు మాత్రం మాత్ర ఆపేద్దామా అని ఒక పూట ఆలోచించాడు. వదిన ఒప్పుకోలేదు, డాక్టరమ్మ అసలే ఒప్పుకోలేదు. చివరికి పోటీలో మార్కులు లెక్కవేసే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే పదకొండో స్థానంలో వచ్చాను. నా కాగితం మీద ఒక చిల్లు గీత మీద పడిందా బయట పడిందా అన్న దగ్గర అన్న భూతద్దం పెట్టి చూసి, నిర్దాక్షిణ్యంగా బయటే అన్నాడు.

మామూలు ఆదివారాల్లో ఇప్పుడు క్లబ్బులో అందరికంటే బాగా కాల్చేది ఆయనే. ఆ మార్కులు ఏ పుస్తకంలోనూ ఎక్కవు. కొత్త గొట్టం మళ్ళీ పిస్తోలులోకి ఎక్కింది. ఇసుక సంచి మీద అది మంచిదని తేలింది కదా, మంచిదాన్ని పక్కన పడేయడం ఎందుకని.

మొన్న ఒక ఆదివారం కొత్త సభ్యురాలు వచ్చింది. గుంటూరు అమ్మాయి. ఇక్కడి యూనివర్సిటీలో లోహాల మీద పరిశోధన చేస్తోంది. తెలుగు వినపడి మా దగ్గరికి వచ్చి, సొంత పిస్తోలు తీసుకుందామనుకుంటున్నానని చెప్పింది.

"అంకుల్, వేరే బ్యారెల్ వేయిస్తే గురి బాగా కుదురుతుందంట కదా?"

అన్న పిస్తోలు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. "ఇసుక సంచి మీద పెట్టి కాలిస్తే కుదురుతది బిడ్డా. చేత్తో కాలుస్తనంటే మాత్రం, ముందుగాల చెయ్యి చూపిచ్చుకో."

ఆ పిల్ల నాకేసి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది: "ఈ అంకుల్ జాతకాలు కూడా చెప్తారాండీ?"

కాదని, జరిగింది మొదటినుంచి చెప్పాను. శ్రద్ధగా విన్నది. తెలివైన పిల్ల, మధ్యలో మంచి ప్రశ్నలు కూడా వేసింది. అంతా విని, నిమ్మకాయకూ బూరెకూ తేడా చిన్నదేమీ కాదు కదా అంది. పోయిన వారం పిస్తోలుతో పాటు పోటీ గొట్టానికి కూడా దరఖాస్తు పెట్టుకుందట. "కారణం" గడిలో ఏం రాయాలో అన్నే దగ్గరుండి చెప్పాడని ఆయుధాగారం అంకుల్ అన్నాడు.